56 ఏపీవో నుంచి వచ్చిన నాన్న

నాలుగో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నమంతా అట్లాసు ముందేసుకుని 56 ఏపీవో అనే ఊరి కోసం వెతికాను. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా వేలు పెట్టి చూశాను. దొరకలేదు. నాన్న ఇన్‌లాండ్ ఉత్తరాల మీద ఆయన నంబరు, పేరు, యూనిట్, వాటి కింద ఎప్పుడూ అదే ఊరు. బకెట్లో నీళ్లు రాత్రికి రాత్రే గడ్డకట్టేస్తున్నాయని ఒక ఏడాది రాసేవాడు. ఇంకో ఏడాది, రేకు ముట్టుకుంటే చెయ్యి కాలిపోతోందని రాసేవాడు. ఒక్క ఊళ్లోనే అంత చలీ అంత ఎండా ఎలా ఉంటాయో నాకు అంతుబట్టేది కాదు. అది ఊరు కాదనీ, సైన్యం ఎక్కడుందో కవరు మీద కనబడకుండా వాడే తపాలా నంబరనీ, పడమటి వైపు వాళ్లకి 56 అయితే తూర్పు వాళ్లకి 99 అనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నాకది ఊరే. మా నాన్న ఊరు.

ఏడాదికి రెండు నెలలు ఆ ఊరి నుంచి మా ఇంటికి వచ్చేవాడు. నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో రాసిన నంబరు, చుట్టిన హోల్డాలు. మొదటి వారం నేనాయన్ని ‘మీరు’ అనేదాన్ని. రెండో వారానికి ‘నువ్వు’లోకి దిగేదాన్ని. చనువు కుదిరి భుజాలెక్కే వేళకి తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలెక్కేసేవాడు. మరుసటి ఏడు మళ్లీ ‘మీరు’ నుంచి మొదలు.

1985లో ఆ పెట్టె దిగింది, మళ్లీ రైలెక్కలేదు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. ఇరవయ్యేళ్ల సర్వీసు, హవల్దారు హోదా, నెలనెలా పింఛను, సంచి నిండా పానాలు. 2023లో పోయేదాకా ఆయన ఇక ఎక్కడికీ వెళ్లలేదు.

మా వైపు సైన్యంలో చేరడం వింతేమీ కాదు. గూడెం దగ్గరున్న మాధవరాన్ని జిల్లా అంతా మిలిటరీ మాధవరం అనే అంటుంది. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు. అక్కడ పెళ్లిచూపుల్లో కుర్రాడు ఏం చేస్తున్నాడని అడగరనీ, ఏ రెజిమెంటని అడుగుతారనీ మా అమ్మమ్మ వేళాకోళం. మాది మాధవరం కాదు గానీ ఆ గాలి సోకే దూరమే. 1965లో, పంతొమ్మిదేళ్లప్పుడు చేరాడు నాన్న. దేశం కోసం చేరారా అని ఎవరైనా అడిగితే ఇబ్బందిగా చూసేవాడు. “ఎకరం పొలం, ముగ్గురన్నదమ్ములం. భాగారం కుదర్లేదండి, వెళ్లిపోయాను” అనేవాడు.

రైసుమిల్లులో ఇంజను దగ్గర పనిచేశానని భర్తీ చేసేవాళ్లతో చెప్పాడట. దాంతో ఈఎంఈలో వేశారు. అప్పట్లో ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ అన్నమాట. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943 అక్టోబరు 15న పుట్టిన దళం అది. గుర్రాలు పోయి లారీలు, ట్యాంకులు, వైర్‌లెస్ సెట్లు వచ్చేసరికి వాటిని బాగుచెయ్యడానికే ఒక దళం కావలసి వచ్చింది. శిక్షణ సికింద్రాబాద్‌లో. అక్కడ మామూలు జవానుని సిపాయి అనరు, క్రాఫ్ట్స్‌మన్ అంటారు. హవల్దారు అయినందుకంటే ఆ మాటతో చేరినందుకే నాన్నకి ఎక్కువ గర్వం. నేర్పేవాణ్ని ఉస్తాద్ అంటారు. మా ఊరి నుంచి సికింద్రాబాద్ వెళ్లి, తెలుగు గడ్డ మీదే ఉండి, ఆయన హిందీ నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ ఇంజను ముందు కూచుంటే హిందీ, అన్నం ముందు కూచుంటే గోదావరి యాస.

“యుద్ధంలో ఏం చేశావు నాన్నా?” అని చిన్నప్పుడు నేనూ తమ్ముడూ వెంటపడేవాళ్లం.

“ఫ్యాన్ బెల్టులు మార్చాను.”

మాకు ఏడుపొచ్చేది. పక్కింటి వాళ్ల బాబాయి ఒకాయన పదాతి దళంలో చేశాడు, ఆయన కథల్లో గుళ్లు చెవుల పక్కనుంచి దూసుకుపోయేవి. మా కథల్లో ఫ్యాన్ బెల్టులు. 1971 డిసెంబరులో నాన్న రాజస్థాన్‌లో, ముందు వరసకి బాగా వెనకాల ఒక వర్క్‌షాపులో ఉన్నాడు. 4వ తేదీ రాత్రి లోంగేవాలా పోస్టు మీదికి పాకిస్తాన్ ట్యాంకులు రావడం, పంజాబ్ రెజిమెంటు కంపెనీ ఒకటి తెల్లవార్లూ నిలబడడం, వెలుగు రాగానే జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు లేచి ట్యాంకుల్ని ఏరడం అందరూ చెప్పుకునేదే. నాన్న లెక్కలో మాత్రం ఆ యుద్ధంలో శత్రువు ఇసుక. “మనకీ, ఆళ్లకీ కూడా” అనేవాడు. ఇసుకలో దిగబడకుండా ఉండాలంటే టైర్లలో గాలి తగ్గించాలి, అప్పుడు టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టాలి, లేదంటే టైరే పోతుంది. ఎయిర్ ఫిల్టరు దాటి ఇసుక లోపలికి వెళ్లిందా, పిస్టన్ రింగులు అరిగిపోతాయి. ఎండకి పైపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ చుట్టాలి. లద్దాఖ్‌లో అయితే అన్నీ తిరగబడతాయి. రాత్రి బండి ఆపితే హ్యాండ్ బ్రేకు వెయ్యకూడదు, బ్రేకు డ్రమ్ముకి అతుక్కుని గడ్డకట్టుకుపోతుంది. గేరులో ఉంచి చక్రాలకి రాళ్లు పెట్టాలి. పొద్దున్నే రేకు డబ్బాలో మంట చేసి ఇంజను అడుగున పెడితే తప్ప ఆయిలు కరగదు. మేం నిద్రపోయేముందు విన్న వీరగాథలు ఇవీ.

1997లో, ఆ లోంగేవాలా కథతోనే వచ్చిన బోర్డర్ సినిమాకి నాన్నని తీసుకెళ్లాం. కదలకుండా చూశాడు. కళ్లు తడిశాయని అమ్మ తర్వాత చెప్పింది, నేను చూడలేదు. హాల్లోంచి బయటికొచ్చి చెప్పులు దులుపుకుంటూ, “బానే ఉంది గానీ అమ్మాయ్, ఇంతసేపట్లో ఎవడైనా ఒక్క బండికి ఆయిలు మార్చాడా?” అన్నాడు.

గూడెంలో కాలువ పక్క రేకుల షెడ్డు వేశాడు. బోర్డు పెట్టలేదు. ‘మిలిటరీ షెడ్డు’ అని జనమే పెట్టుకున్నారు. ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లని నేనెరగను, అందరికీ ‘మిలిటరీ గారు’. లారీలు, జీపులు, బుల్లెట్లు, రైతుల ఆయిలింజన్లు, అప్పుడప్పుడూ ఒక కుట్టుమిషను. వేలంలో కొన్న పాత మిలిటరీ జోంగా ఒకటి ఫలానా ఊళ్లో ఉందని తెలిస్తే చాలు, పని లేకపోయినా బస్సెక్కి వెళ్లి చూసొచ్చేవాడు. జబల్‌పూర్‌లో తయారైన బండి అది, ఆ పేరులోని మొదటి అక్షరం కూడా జబల్‌పూర్‌దే. పెట్రోలు తాగుతోందని యజమాని అసలు ఇంజను పీకేసి డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటే, ఆ రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. శక్తిమాన్ లారీ సంగతి ఎత్తకూడదు, ఎత్తితే అమ్మ లేచి పడుకోడానికి వెళ్లిపోయేది.

ఆయన దగ్గర జానెడున్నర పొడవు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. చెక్కపిడి, అరిగి నల్లగా నిగనిగలాడేది. దాంతో స్క్రూలు తిప్పినట్టు గుర్తు లేదు. దాని మొన నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. షెడ్డులో అందరూ నోళ్లు మూసుకోవలసిందే. మొనని అంగుళం జరిపేవాడు, మళ్లీ వినేవాడు. బేరింగు అయితే పిండి మర దూరంగా తిరుగుతున్నట్టు గురగుర. టాపెట్ అయితే పైనుంచి టకటక, సన్నగా, చురుగ్గా. కనెక్టింగ్ రాడ్ బేరింగు పోతే మాత్రం అడుగు నుంచి ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉంటుంది, అప్పుడిక ఇంజను ఆపేయాలి. ఇది స్టెతస్కోపేనండీ అని ఎవరైనా మెచ్చుకోబోతే ఒప్పుకునేవాడు కాదు. “డాక్టరు గారు నెప్పెక్కడని అడగొచ్చు. నాకా సుఖం లేదు కదండీ.”

మాతో ఆయన మాట్లాడింది తక్కువ. బళ్లో బహుమతి వచ్చిందంటే “ఊఁ” అనేవాడు. కరెంటు పోయిన రాత్రుళ్లు షెడ్డులో టార్చి పట్టుకోవడం నా పని. తమ్ముడు పడుకునిపోయేవాడు, అందుకని నా వంతు. ఆ టార్చి దగ్గర తిన్నన్ని తిట్లు నేను మా అత్తగారింట్లో కూడా తినలేదు. నా చూపు దోమల మీదికో, ఆయన మొహం మీదికో పోయేది. వెలుగు కూడా అటే పోయేది. “అమ్మాయ్, నా చేతి మీద కాదు. పని మీద.” వెయ్యిసార్లు విని ఉంటాను.

చేతులు కడుక్కోవడం ఒక తంతు. ముందు కిరసనాయిలు, ఆపైన రంపప్పొట్టు, దాని తర్వాత బట్టల సబ్బు. అంత చేసినా గోళ్ల అంచుల్లో నలుపు ఉండేది. మా పుస్తకాలు ముట్టుకునేవాడు కాదు. మార్కుల కార్డు మీద సంతకం పెట్టాలంటే మణికట్టు కింద న్యూస్‌పేపరు ముక్క వేసుకుని పెట్టేవాడు. ఎనిమిదో తరగతిలో ఒకసారి ఆయన ఖాకీ నిక్కరుతో బడి గేటు దగ్గరికొస్తే, నేను చూడనట్టు పక్కదారిలో వెళ్లిపోయాను. ఆయన చూశాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడు. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా జిల్లాలో ఇప్పటికీ కొలమానం. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు తీశాక లంకల్లో ప్రతి తోటలోనూ ఆయిలింజన్లు బురదలో కూరుకుపోయి ఉన్నాయి. నాన్న షెడ్డుకి తాళం వేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. “రికవరీ” అని ఒక్కమాట అమ్మతో చెప్పాడట. పాడైన బండిని యుద్ధభూమి నుంచి వెనక్కి లాక్కురావడాన్ని వాళ్ల దళంలో అలా అంటారు. పది రోజుల తర్వాత నేనూ వెళ్లాను, ఆయనకి బట్టలు తీసుకెళ్లేవాళ్లు ఎవరూ లేక.

అక్కడ మొదట నేను విన్నది ఆయన కేకలు. “ఎవరూ హేండిల్ తిప్పకండి!” ఇంజను దొరికిన ఆనందంలో రైతు చేసే మొదటి పని హేండిల్ వేసి తిప్పడమే. సిలిండరు నిండా నీళ్లున్నాయి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగి ఊరుకుంటుంది, దాంతో ఇంజను అయిపోయినట్టే. నాన్న ముందు ఇంజెక్టరు విప్పేవాడు. అప్పుడు చేత్తో నెమ్మదిగా తిప్పిస్తే ఆ రంధ్రంలోంచి నీళ్లు పిచికారీలా చిమ్మేవి, పిల్లలు కేరింతలు కొట్టేవారు. అడుగున ఆయిలు నీళ్లు కలిసి కాఫీ రంగులో దిగేది. దాన్ని దింపేసి, డీజిలుతో కడిగి, కొత్త ఆయిలు పోసి, ఇంజను కాసేపు నడిపి, ఆ కొత్త ఆయిలు కూడా పారబొయ్యాలి. ఇది రైతులకి మింగుడుపడేది కాదు. “బంగారంలాంటి ఆయిలండి బాబూ” అని ఒకాయన డబ్బాకి అడ్డం నిలబడ్డాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ల మధ్య ఆయిలు రుద్ది, అందులోని ఒండ్రు తగిలేలా చూపించాడు. మాట్లాడకుండా ఆ రైతే ఒంపేశాడు.

డబ్బులు పుచ్చుకోలేదు. పుచ్చుకునే పరిస్థితి కూడా కాదు. ఒకాయన మాత్రం మేం పడవెక్కే ముందు పులస చేప ఒకటి అరటాకులో చుట్టి చేతిలో పెట్టాడు. మిలిటరీ పింఛనుతో పులస తినే యోగం మాకు అదే మొదలు, అదే ఆఖరు. అమ్మ ఆ పులుసు గురించి నా పెళ్లిదాకా చెప్పింది.

షెడ్డులో కుర్రాళ్లు మారుతూ ఉండేవారు. పదో తరగతి తప్పినవాళ్లే ఎక్కువ. ‘సార్’ అంటే పలికేవాడు కాదు, ఉస్తాద్ అనాలి. పొద్దున్నే పానాలన్నీ గోనెపట్టా మీద సైజుల వారీగా పరచాలి, సాయంత్రం లెక్కపెట్టి సర్దాలి. ఒక్కటి తక్కువైతే ఎవరూ ఇంటికి వెళ్లేది లేదు. ఒక రాత్రి పదింటిదాకా వెతికితే అది బాగుచేసి పంపిన లారీ ఇంజను మీదే ఉండిపోయిందని తేలింది. నాన్న సైకిలేసుకుని లారీ వెనకాల వెళ్లాడు. ఆ లారీ నల్లజర్ల దగ్గర టీకి ఆగబట్టి సరిపోయింది.

బడి గేటు దగ్గర జేబుల్లో దాగిన ఆ చేతుల కథ అక్కడితో అయిపోలేదు. పింఛనుదారులు ఏటా నవంబరులో బతికే ఉన్నామని రుజువు చూపించాలి. 2014 నుంచి దానికి వేలిముద్ర మిషన్లు వచ్చాయి. నాన్న బొటనవేలు పెట్టాడు. మిషను ఎర్రదీపం వెలిగించింది. చూపుడు వేలు, ఎర్రదీపం. పది వేళ్లూ అయిపోయాయి. యాభై ఏళ్లు ఇనుమూ గ్రీజూ కిరసనాయిలూ రుద్దుకున్న వేళ్ల మీద గీతలేం మిగులుతాయి? కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే, పాపం ఏం చెయ్యగలడు. “తాతగారూ, మీరు రావట్లేదండి” అన్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని. నాకు ఒళ్లు మండింది. నాన్న మాత్రం వంగి ఆ మిషను అడుగుభాగం చూశాడు, గాజు పలక మీద వేలు పెట్టి చూశాడు. “దీన్ని ఎప్పుడు తుడిచారు బాబూ?” అని జేబురుమాలు తీశాడు. తుడిచినా ఒప్పుకోలేదది. చివరికి కాయితం మీద సంతకాలతో పని జరిగింది. ఆ తర్వాత ప్రతి ఏడూ నవంబరు వస్తే, అమ్మ ఆయన వేళ్లకి వారం ముందు నుంచీ కొబ్బరినూనె రాసేది. ఒక్క ఏడు మాత్రం పచ్చదీపం వెలిగింది. ఆ ఏడు బ్యాంకు నుంచి మిఠాయి తీసుకుని ఇంటికొచ్చారు ఇద్దరూ.

డెబ్బై దాటాక వినికిడి పోవడం మొదలైంది. ఏళ్ల తరబడి సైలెన్సర్ లేని ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు, రెండు రోజులు పెట్టుకుని డబ్బాలో పడేశాడు, అందులో అన్నీ గిన్నెల చప్పుళ్లేనట. మేం గొంతు పెంచి మాట్లాడేవాళ్లం, తర్వాత తగ్గించేశాం, ఆ తర్వాత ముఖ్యమైనవి మాత్రమే చెప్పేవాళ్లం. రాసుకుంటే నాకు నచ్చని వాక్యం ఇది, కానీ నిజం. షెడ్డు మాత్రం మానలేదు. స్క్రూడ్రైవరు పిడి చెవి వెనక నుంచి దవడ ఎముక మీదికి వచ్చింది. ఆఖర్లో పళ్లతో కరిచి పట్టుకునేవాడు. మాకు వింతగా ఉండేది గానీ, పట్టింది తప్పేది కాదు.

ఆయన పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే పొడుగు నోటుబుక్కులు పదకొండు బయటపడ్డాయి. మిలిటరీలో ప్రతి బండికీ లాగ్‌బుక్కు ఉంటుంది. ఆ పద్ధతే ఇంటికీ తెచ్చుకున్నట్టున్నాడు. గీతలు గీసి నాలుగు గడులు. తేదీ, లోపం, చర్య, సంతకం. బావి మోటారు, రుబ్బురోలు పొత్రం, అమ్మ మోకాలు, తమ్ముడి లెక్కల మార్కులు, అన్నీ ఒకే వరసలో. నా టైఫాయిడ్ రోజులవి మూడు పేజీలున్నాయి, గంటగంటకీ జ్వరం అంకెలతో సహా. ఆ రాత్రుళ్లు ఆయన నిద్రపోయాడనుకున్నాను నేను. నా పెళ్లయి అంపకాలు జరిగిన రోజున లోపం గడి ఖాళీగా ఉంది. చర్య గడిలో, ‘అమ్మాయి బయల్దేరింది. ఉ. 6.40. వాన లేదు’ అని ఉంది. ‘కుడి చెవి, పూర్తిగా. ఎడమ, సగం’ అన్న చోట చర్య గడిలో ఒక అడ్డగీత గీసి సంతకం పెట్టేశాడు.

మిగిలింది బుల్లెట్. ఆయనది పాత రకం, గేరు కుడికాలి దగ్గరుండేది. స్విచ్చి వేస్తే ఆంపియర్ మీటరు ముల్లు ఎడమకి జరుగుతుంది. కిక్కుని మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట ముల్లు మళ్లీ మధ్యకి వస్తుంది. అక్కడ ఆపి, డీకంప్రెషన్ లివర్ పట్టి, ఇంకాస్త నొక్కి, వదిలి, అప్పుడు కొట్టాలి. ఇది నాకు పదిహేనేళ్లప్పుడే నేర్పాడు, అమ్మ వద్దంటున్నా. మాసికం రోజున చుట్టాలంతా వెళ్లాక కవరు తీసి కొట్టాను. మూడోసారికి అందుకుంది. కానీ పైనుంచి ఏదో గట్టిగా టకటకమంటోంది. స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని విన్నాను. టాపెట్. జీవితమంతా ఎవరి బండిలోనూ చిన్న చప్పుడు కూడా ఉండనివ్వని మనిషి, తన బండిని ఇలా వదిలేశాడంటే ఆఖరి రోజుల్లో చేతకాలేదేమో, మేం గమనించలేదేమో అని గుండె జారిపోయింది.

ఆయన శిష్యుల్లో మొదటివాడికి ఫోన్ చేశాను. ఇప్పుడతనికి యాభై దాటాయి, సొంత షెడ్డు. సాయంత్రం వచ్చేసరికి చీకటి పడింది. కుడివైపు కూచుని టాపెట్ మూత విప్పి, రెండు వేళ్లతో పుష్‌రాడ్ పట్టుకుని చూశాడు. అది వేళ్ల మధ్య తిరగాలి గానీ పైకీ కిందికీ ఆడకూడదు. ఇది ఆడుతోంది.

“ఇది లూజవ్వలేదక్కా. ఉస్తాద్ కావాలనే లూజుగా పెట్టుకున్నారు.”

“ఎందుకు?”

“బిగువుగా ఉంటే బండి నడుస్తుందో ఆగిందో ఆయనకి తెలిసేది కాదు కదక్కా. నేను రెండుసార్లు సరిచేశాను. మళ్లీ వదులు చేసుకునేవారు. దీనికేం నష్టం లేదులే, చప్పుడే గానీ.”

పుష్‌రాడ్ని వేళ్లతో పైకీ కిందికీ ఆడిస్తూ అతను అలా కూచున్నాడు. చేతిలో పానా ఉంది, తిప్పలేదు. నేను అతని మొహంకేసి చూస్తున్నాను.

“అక్కా, టార్చి” అన్నాడు. “నా మీద కాదు. పని మీద.”